తగ్గించే ఆంప్లిఫయర్ అడిగిన మనిషి

మొన్న హిందూపురంలో మా చెల్లెల్ని చూసి ప్యాసింజరు బండిలో ధర్మవరం వస్తున్నాను. పెనుకొండలో ఒక తల్లీ కూతురూ ఎక్కి నా ఎదుట కూర్చున్నారు. కూతురు కాలేజీ పిల్ల. కూర్చోగానే చెవుల్లో ఇయర్‌ఫోన్లు దూర్చుకుంది. తల్లి దాని మోచేతి మీద ఒకటి వేసింది.

"తీయే అవి. ధర్మవరంలో మీ పెద్దమ్మోళ్ల వీధిలో ఒక మగ్గమాయన పొద్దస్తమానం ఇవే పెట్టుకోని చెవులు పోగొట్టుకున్న్యాడంట. లారీ వెనకాల నుంచి వస్తే హారన్ ఇనపడక సచ్చిపాయనంట."

నాకు ఒళ్లు మండింది. ఆ వీధి మా వీధి. ఆ మనిషి మా ఎదురింటి మనిషి. ఆయన ఏ లారీ కిందా పడలేదు. తన ఇంట్లో తన మంచం మీద గుండెనొప్పి వచ్చి చచ్చిపోయాడు. నోట్లో నీళ్లు పోసింది నేనే.

"ఎవురు చెప్పినారమ్మా నీకు?" అన్నాను.

"అందరూ అంటాండారులే అవ్వా."

"అందరూ అంటే ఎవురు? లారీ నెంబరు గూడా చెప్పినారా?"

ఆమె మొహం కిటికీ వైపు తిప్పుకుంది. ధర్మవరంలో దిగేదాకా మళ్లీ నా వైపు చూడలేదు. బండి దిగినా నాకు కోపం దిగలేదు. చచ్చినవాడు లేచి వచ్చి జవాబు చెప్పుకోలేడు కదా అని ఎవరికి తోచింది వాళ్లు అల్లుతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను. నాకు అక్షరాలు వచ్చింది మనవరాలు బడికి పోయే రోజుల్లో. ఒత్తులు ఎక్కడన్నా తప్పిపోయి ఉంటే సర్దుకుని చదవండి.

ఆయన దేవుడిలాంటి మనిషి అని చెప్పడానికి నేను కూర్చోలేదు. మొండివాడు. ఎదుటి మనిషి మాట సగంలో ఉండగానే "అది కాదక్కా" అనేవాడు. చారులో ఉప్పెక్కువైంది అన్నా "అది కాదక్కా, నీ నాలిక ఈ పొద్దు బాగలేదు" అనేవాడు. ఆమడగూరు వైపు పల్లెలో గొర్రెలు మేపుకునే ఇంట్లో పుట్టాడు. వానలు పోయి, గొర్రెలు పోయి, ధర్మవరం వచ్చి పట్టుమగ్గం నేర్చుకున్నాడు. చెయ్యి చాలా మంచిది. నోరు మంచిది కాదు. ఆయన మగ్గానికి నేను కండెలు చుట్టేదాన్ని. అంటే పడుగు నడుమ అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే చిన్న గొట్టాలకు పట్టుదారం చుట్టి ఇచ్చే పని. అందుకని పొద్దు పొడిస్తే వాళ్లింట్లోనే ఉండేదాన్ని. ఆయన భార్యా నేనూ రాట్నాల ముందు, ఆయన కాళ్లు పెట్టుకోవడానికి నేలలో తవ్విన మగ్గం గుంతలో.

ఆయనకు ఉన్నది ఒకే పిచ్చి. నాటకాల పద్యాలు. వాళ్ల ఊళ్లో ఎప్పుడో ఆడిన పౌరాణిక నాటకాన్ని ఎవరో టేపురికార్డరులో పట్టారు. దాన్ని ఎవరిచేతో ఫోనులోకి ఎక్కించుకున్నాడు. అందులో ఒక పద్యం ఎత్తుకునే ముందు హార్మోనియం వాయించే మనిషి చిన్నగా దగ్గుతాడు. ఈయనకు ఆ దగ్గు పద్యం కంటే ముఖ్యం.

"ఆ దగ్గు దగ్గు మాదిరే ఇనపడాలక్కా. గొంతులో గరగర గూడా తెలియాల. కొన్ని పుల్లల్లో అది తలుపు మీద గుద్దినట్ల ఇనపడ్తాది. అట్లాంటివి ఎద్దు కొమ్ములకు కట్టల్ల, చెవులకు కాదు."

పుల్లలు అంటే ఇయర్‌ఫోన్లు. ఆయన వాటిని ఎప్పుడూ ఆ పేరుతోనే పిలిచాడు.

ఆయన భార్య రాట్నం ఆపకుండానే అనేది: "చూడు వదినా మీ తమ్మున్ని. పాడే మనిషిని ఇడ్సిపెట్టి పక్కోడి దగ్గు ఇంటాడు. ఈడ నేను దగ్గి దగ్గి సస్తాంటే మాత్రం ఇనపడదు. నా మాట ఇనేదానికి ఏ పుల్ల పెట్టుకుంటావో చెప్పబ్బా, కొనిస్తా."

"నీ మాటకు పుల్ల ఎందుకే? పెనుకొండ దాకా ఇనపడ్తాది."

ఇట్లా నవ్వుకుంటూ బతికే ఇల్లు. దాని ఎడమ గోడ అవతల పక్కింటివాడు చేతిమగ్గం తీసేసి, ఇల్లు పడగొట్టి, రేకుల షెడ్డు వేసి పవర్‌లూములు దించాడు. షెడ్డు పెద్దది. అవతలి గోడ పక్క ఖాళీ స్థలం, అక్కడ నూలు మూటలు, విరిగిన సామాను. రెండు మరలు మాత్రం తీసుకొచ్చి సరిగ్గా ఈయన గోడకు ఆనించి బిగించాడు. కరెంటు ఉన్నంతసేపూ డగడగడగడగ. గూట్లో అన్నం తట్టలు కదిలేవి. నీళ్ల చెంబులో నీళ్లు వణికేవి. మేము మాట్లాడుకోవాలంటే అరుచుకోవాలి.

మగ్గం తెలియని వాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. చేతిమగ్గం నేసేవాడు కళ్లతో ఎంత నేస్తాడో చెవులతో అంత నేస్తాడు. పడుగులో పోగు తెగితే చిన్న చప్పుడు వస్తుంది. నాడె పోయే తీరు మారుతుంది. ఆ తేడా చెవికి తెలిసి చెయ్యి ఆగుతుంది. ఆ చప్పుడు వినపడకపోతే తెగిన పోగు వెంట జానెడు గుడ్డ నేసేస్తాం. చీర మీద గీత పడుతుంది. ఆ చీరను, పట్టు ఇచ్చి నేయించుకునే సావుకారు పక్కన పడేస్తాడు.

మొదట దూది పెట్టుకున్నాడు. దూదితో పద్యం పోయింది. ఫోను పెద్దగా పెట్టాడు. గోడ దానికంటే పెద్దగా అరిచింది. సాయంత్రానికి తల పట్టుకుని కూర్చునేవాడు. కొన్నాళ్లకు తానే ఒకటి కనుక్కున్నాడు.

"అరిచి గోడతో గెలవలేమక్కా. చెవి తలుపు మూసేయాల. మూసి, లోపల చిన్నగా మాట్లాడుకోవాల."

చెవి రంధ్రంలోకి దూరి మూసుకునే రబ్బరు టోపీల ఇయర్‌ఫోన్లు ఉంటాయి. టోపీ సరిగ్గా కూర్చుంటే బయటి రొద బయటే సగం ఆగిపోతుంది. అప్పుడు పద్యం చాలా చిన్నగా పెట్టుకున్నా చాలు. ఆయన సిద్ధాంతమంతా అంతే. కొంగు నేసేటప్పుడు మాత్రం కుడి చెవిలోది తీసేసి తన మగ్గాన్ని వినేవాడు. గోడ పక్క చెవిని మూసే ఉంచేవాడు. ఈ చెవులు కాపాడుకోవడానికి ఆయన పడిన యాతన నేను చూశాను కాబట్టి, రైల్లో ఆ ఆడమనిషి మాటకు నా ఒళ్లు మండింది.

యాతన అంటే మామూలు యాతన కాదు. ఆయన చెవులు రెండూ ఒక కొలత కావు. కుడి చెవికి చిన్న టోపీ, ఎడమ చెవికి పెద్దది. అంగడివాళ్లు ఇచ్చే అన్ని కొలతల టోపీలనూ ఖాళీ నస్యం డబ్బాలో దాచుకునేవాడు. ఇంగ్లీషు అక్షరాలు చదవలేడు కనుక కుడి చెవి వైరుకు ఎర్ర పట్టుపోగు ముడివేసేవాడు. వైరు చొక్కాకు రాసుకుంటే ఆ బరబర చెవిలోకి వస్తుందని, చెవి పైనుంచి వెనక్కి తిప్పి వేసుకునేవాడు. ఒకసారి టోపీలు సులభంగా దూరతాయని ఆముదం రాశాడు. ఆముదం లోపలికి దిగి అవి మూగబోయాయి. తప్పు తనదని ఒప్పుకున్నాడా? హిందూపురం పోయి అంగడాయనతో తగువు పెట్టుకుని వచ్చాడు. "ఆముదానికి తట్టుకోనిది చెవి గులిమికి ఏం తట్టుకుంటాది?" అని అడిగాడంట. అట్లాంటి మనిషి.

ధర్మవరంలో అంగళ్లు లేవా అంటే ఉన్నాయి. బెంగళూరు సరుకు ముందు హిందూపురంలో దిగుతుందని ఆయన నమ్మకం. భార్య పుట్టిల్లు కూడా అక్కడే. ఒకసారి ఆయన పోతున్నప్పుడే నాకూ హిందూపురంలో పనిపడింది. కలిసి పోయాం. తిరుగు బండి ఎక్కే ముందు అంగడికి తీసుకుపోయాడు.

"ఏం సామీ, మళ్లీ వస్తివి. ఈసారి ఏం నూనె పూస్తివి?" అన్నాడు అంగడాయన.

"ఏం పూయలేదులే. బేస్ తక్కువుండేవి చూపీ."

"బేస్ లేకుంటే ఎవురు కొంటారప్పా? ఇవి చూడు, గుండెకాయ అదిరిపోతాది."

"మా ఇంట్లో గోడే అదురుతాండాది. దాని మీద ఇంగ ఇది గూడానా?"

"పోనీ వైరు లేనివి తీసుకో. ఇప్పుడు అందరూ అవే పెట్టుకుంటాండారు."

"గుంతలో పడితే యాడ ఎతికేది? పడుగులో పడితే చీర పాయ. నీకు మగ్గం తెలిసుంటే ఆ మాట అనవు."

చివరికి సన్న వైరువి ఒకటి ఏరుకున్నాడు. తర్వాత అసలు మాట బయటపెట్టాడు.

"ఆంప్లిఫయర్ ఒకటి కావాల. జేబులో పట్టేది. ఫోనుకు తగిలించేది."

అంగడాయన మొహం వెలిగిపోయింది. "అట్ల చెప్పు మరి! ఇది చూడు. సౌండ్ ఎంత జాస్తి చేస్తాదంటే, చెవుల్లో పెట్టుకుంటే వీధిలో పోయేటోడికి గూడా ఇనపడ్తాది."

"వీధోళ్లకు యానికప్పా? నాకు తగ్గించేదానికి కావాల."

అంగడాయన నా వైపు తిరిగాడు. "ఏమమ్మా, ఈయన బాగుండాడా?"

"మొదట్నుంచీ ఇంతే" అన్నాను.

అప్పుడు ఈయన ఓపిగ్గా చెప్పడం మొదలుపెట్టాడు. ఓపిక ఆయనకు ఈ ఒక్క విషయంలోనే ఉండేది. ఫోనులో శబ్దానికి మెట్లు ఉంటాయి. చెవి బాగా మూసుకుంటే, ఒక మెట్టు కింద పెడితే పద్యం వినపడదు, ఒక మెట్టు పైన పెడితే ఎక్కువైపోతుంది. తనకు కావలసింది ఆ రెండు మెట్ల నడుమ ఉంది. చక్రం తిప్పేది అయితే ఆ నడుమ ఎక్కడైనా ఆపుకోవచ్చు.

"శబ్దం పెంచేదానికి మరలే చాలు. నాకు ఆ సందులో రొంత చోటు కావాల, అంతే."

అంగడాయన రెండు పెట్టెలు తీసి ముందు వేశాడు. ఒకటి సబ్బు బిళ్లంత. ఒకటి అగ్గిపెట్టెంత. ఈయన సబ్బు బిళ్ల తీసుకుని, "పెనుకొండ దాకా పోయి చూస్తా. నచ్చకుంటే ఎదురు బండికి తెచ్చిస్తా" అన్నాడు.

"ఇది ఎద్దుల సంత కాదు సామీ, పట్టకపోయి దున్నిచూసి తోలుకొచ్చేదానికి."

"ఎద్దుకైతే పండ్లు చూసి కొంటా. దీనికి పండ్లు యాడుండాయో చూపీ."

అంగడాయన నవ్వేశాడు. ఈయన చేతి గడియారం విప్పించి పూచీగా పెట్టుకుని ఇచ్చాడు. ఇట్లా తీసుకుపోవడం ఇది మొదటిసారి కాదంట.

పెనుకొండ దాకా ఎందుకో నాకు ఆ రోజు తెలిసింది. బండి కదలగానే కిటికీ పక్కన కూర్చుని, టోపీలు సరిచేసుకుని, పద్యం పెట్టి, చక్రం కొంచెం కొంచెం తిప్పుతూ కళ్లు మూసుకున్నాడు. పట్టాల మోతలో దగ్గు వినపడగానే వేలు పైకెత్తాడు. అప్పుడు చక్రం ఎక్కడుందో చూసుకున్నాడు. అది పైకి పోయి ఉంటే చెవిలో టోపీ సరిగ్గా మూసుకోలేదని లెక్క. ఇది బండి పరీక్ష. రెండోది పెనుకొండ ప్లాట్‌ఫారం పరీక్ష. మమ్మల్ని దించి బండి పోయాక అక్కడ కొండ పక్కన మనుషుల అలికిడి కూడా లేదు. సిమెంటు బల్ల మీద కూర్చుని పద్యం ఆపేసి, ఊరికే చెవుల్లో పెట్టుకుని విన్నాడు.

"ఏం ఇంటాండావబ్బా, ఏమీ పాడకుంటే?"

"గమ్మునుండక్కా. ఇది ఏం పాడకుండా ఉన్నప్పుడు ఏం చేస్తాదో చూడాల."

కాసేపటికి మొహం చిట్లించాడు. "లాభం లేదు. రేకుల మీద జల్లు పడినట్ల జుయ్యిమంటాండాది. దీని బలం నా పుల్లలకు ఎక్కువ."

నన్ను ఆ బల్ల మీద కూర్చోబెట్టి, ఎదురుగా వచ్చిన బండెక్కి హిందూపురం పోయాడు. నేను తిట్టిన తిట్లు ఆ స్టేషను గోడలకే తెలుసు. తర్వాతి బండిలో అగ్గిపెట్టెంతది పట్టుకుని దిగాడు. మళ్లీ ప్లాట్‌ఫారం పరీక్ష. ఈసారి ఆయన మొహం చూసి నాకు తిట్టడానికి నోరు రాలేదు. "అక్కా, చెవి రొంత పైకి లాగి పట్టుకో" అని నా చెవిలో కూడా పెట్టాడు. పైకి లాగితే రంధ్రం చక్కగా తెరుచుకుని టోపీ సర్దుకుంటుందట. కొండ మాయమైంది, గాలి మాయమైంది. ఎవరో ముసలాయన దగ్గాడు. తర్వాత పద్యం లేచింది, పక్కన కూర్చున్న మనిషి నాకు మాత్రమే చెబుతున్నట్టు. బాగుంది. ఆయనకు మాత్రం చెప్పలేదు. చెబితే ధర్మవరం దాకా నా చెవిలోంచి తీయనిచ్చేవాడు కాదు.

అయినా ఎంతని కాపాడుకుంటాడు? పొద్దున లేచి పడుకునేదాకా చెవులు మూసుకుని బతకలేడు కదా. అన్నం తినాలి, మాట్లాడాలి, కొంగు నేసేటప్పుడు ఒక చెవి తెరవాలి. కొన్నేళ్లకు ఎడమ చెవిలో కీచురాయి కూతలాంటిది మొదలైంది. ధర్మవరంలోనే చెవుల డాక్టరు దగ్గరికి పోయాం. డాక్టరు కూడా మొదట ఆ పుల్లల మీదే పడ్డాడు. ఈయన తీసి ఇచ్చి, తాను ఎంతలో వింటాడో అంతలోనే వినిపించాడు. డాక్టరు విని, తిరిగి ఇచ్చేసి చెప్పింది ఇది:

"ఈ మాత్రం శబ్దంతో మీకు ఇబ్బంది లేదు. మీకు ముప్పు ఆ గోడ పక్కన కూర్చోవడమే. ఆ మరలకు దూరంగా ఉండండి. లేకపోతే ఉన్న చెవి కూడా పోతుంది."

దూరంగా ఎక్కడికి పోతాడు? మగ్గం గుంత ఇంటి నేలలో తవ్వి ఉంది. ఇల్లు ఒక్కటే గది. జరగాల్సింది ఆ రెండు మరలు. షెడ్డులో అవతలి గోడకు జరిపితే చాలు. చోటు ఉంది. ఈయన అడిగింది అంతే. ఆపమని కూడా అనలేదు.

పక్కింటివాడు ఏమన్నాడో నా ముందే అన్నాడు. "నేల్లో బోల్టులు దిగ్గొట్టినాం. జరపాలంటే పనంతా మూలబడ్తాది. నీ ఒక్కడి చెవుల కోసం నేను షెడ్డు తిప్పుకోవాలనా?"

అడిగి అడిగి విసిగి, మాట మా సావుకారు దాకా పోయింది. ఆయన ఇద్దరికీ పని ఇచ్చే మనిషి. ఆయన చెబితే పక్కింటివాడు కాదనలేడు. వచ్చి చూసి చెబుతానన్నాడు. ముందురోజే నేను ఈయనకు నేర్పి పెట్టాను.

"చూడబ్బా, నువ్వు ఏమీ మాట్లాడొద్దు. పెద్దాయన్ను గుంతలో మగ్గం ముందర కూర్చోబెట్టు. నువ్వు బయటికి పో. మిగతాది ఆ గోడే చెప్తాది."

"సరేక్కా" అన్నాడు. ఒక్కసారన్నా "అది కాదక్కా" అనలేదు. నాకు అప్పుడే అనుమానం రావలసింది.

సావుకారు వచ్చాడు. వెంట పక్కింటివాడు. మరలు ఆడుతున్నాయి. పెద్దాయన పంచె సర్దుకుని గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్నాడు. కూర్చున్న కాసేపటికే ఎడమ చెయ్యి చెవి మీదికి పోయింది. మొహం ముడుచుకుంది. ఏదో అడిగితే మాకు వినపడలేదు, మేము చెప్పింది ఆయనకు వినపడలేదు. చేత్తో సైగ చేశాడు, చాలు చాలు అని. ఆయన భార్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పని అయిపోయింది అనుకున్నాం.

అంతలో పక్కింటివాడు ఈయన మెడలో వేలాడుతున్న వైరు పట్టుకుని పైకెత్తాడు.

"చూడన్నా, పొద్దస్తమానం ఇవే దూర్చుకోనుంటాడు. ఈయనకు శబ్దం యాడ ఇనపడ్తాది? ఊరికే కడుపుమంట."

దానికి ఈయన ఇవ్వాల్సిన జవాబు ఒకటే. ఇవి పెట్టుకోవలసి వచ్చింది నీవల్లే కదరా అని. ఆ మాట నా నాలిక చివరన ఉంది. కానీ సావుకారు మెడ చాచి, "ఏమప్పా అవి? కొత్త మాదిరి ఉండాయే" అన్నాడు.

అంతే. ఈయన మొహంలో దీపం వెలిగింది.

నస్యం డబ్బా తీశాడు. పెద్దాయన చెవిని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, ఒక టోపీ వేసి, కాదని తీసి, ఇంకొకటి వేశాడు. "చెవి రొంత పైకి పట్టుకోన్నా... ఆ, అట్ల" అన్నాడు. రెండు చెవుల్లోనూ సర్ది, వైరు వెనక్కి తిప్పి, చక్రం మీద వేలు పెట్టి, పద్యం వేశాడు. నేను వెనకనుంచి చొక్కా పట్టి లాగుతున్నాను. లెక్కచేస్తేనా.

పెద్దాయన చెవి మీది చెయ్యి కిందికి దిగింది. ముడుచుకున్న మొహం విచ్చుకుంది. కళ్లు మూసుకున్నాడు. తల ఊపడం మొదలుపెట్టాడు. ఆ మరలు అట్లే డగడగలాడుతున్నాయి, గూట్లో తట్టలు కదులుతున్నాయి, మహారాజు మాదిరి గుంతలో కూర్చుని ఆయన పద్యం వింటున్నాడు.

"ఎవురో దగ్గుతాండారప్పా ఇందులో" అని గట్టిగా అన్నాడు.

"ఇనపడిందా? ఇనపడిందా అన్నా? చూస్తివా అక్కా, ఆయనకు గూడా ఇనపడింది!" అన్నాడు ఈయన నా వైపు తిరిగి.

పద్యం అయిపోయేదాకా విని సావుకారు అవి తీసి చేతిలో పెట్టుకుని లేచాడు. తీర్పు చెప్పాడు.

"ఇంత మంచి సాధనం పెట్టుకోని ఇంగ నీకేం కష్టమప్పా? ఏ మర చప్పుడూ ఇనపడలేదు నాకు. వాడు పిల్లలు గలోడు, వాని పని చెడగొట్టడం యాల? సర్దుకోండి." గడప దాటుతూ మళ్లీ వెనక్కి తిరిగాడు. "నాకు గూడా ఇట్లాంటిది ఒకటి తెచ్చీప్పా. బలే ఉండాది."

"తెచ్చిస్తానన్నా" అన్నాడు ఈ పుణ్యాత్ముడు.

పక్కింటివాడు నవ్వుకుంటూ పోయాడు. నేను ఆ రోజు తిట్టినట్టు నా కొడుకును కూడా తిట్టి ఉండను.

"నీకు చెవులు కావల్నా, మెప్పు కావల్నా? మనిషివేనా నువ్వు?"

నస్యం డబ్బాలో టోపీలు సర్దుకుంటూ కూర్చున్నాడు. తర్వాత అన్నాడు: "అది కాదక్కా. మంచిగా ఇనడం అంటే ఏందో తెలిస్తే, ఆ రొద అంటే ఏందో గూడా తెలుస్తాది అనుకున్న్యా. తీసేసినాక గోడ మళ్లీ ఇనపడ్తాది గదా. అప్పుడు తెలుస్తాది అనుకున్న్యా."

"తెలిసిందా మరి?"

"పద్యం బాగా ఇన్న్యాడక్కా" అన్నాడు.

ఆ మాటకు ఆయన భార్య ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. చేతిలో ఉన్న కండె విసిరికొట్టాను. నిజంగానే ఆయన పెద్దాయన కోసం హిందూపురం పోయాడు. బండి పరీక్ష, పెనుకొండ పరీక్ష అన్నీ చేసి, పెద్దాయన చెవి కొలత గుర్తుపెట్టుకుని టోపీ ఏరి తెచ్చి ఇచ్చాడు. పక్కింటివాడికి ఏ తీర్పు కావాలో ఆ తీర్పును తన చేత్తో తానే పెద్దాయన చెవిలో దూర్చి వచ్చాడు.

ఆ తర్వాత ఒక రోజు కరెంటు పోయి మరలు ఆగి ఉన్నాయి. కండెల బుట్ట పట్టుకుని వాళ్ల గడపలోకి అడుగుపెట్టాను. పద్యం వినపడింది. ఫోను బయట మోగుతోందేమో అనుకున్నాను. కాదు. ఆయన చెవుల్లోంచి వస్తోంది. పక్కవాళ్లకు వినపడేలా పెట్టుకునేవాళ్లను చూసి "వాడు తప్పు చేస్తాండాడక్కా, చెవులు అమ్ముకుంటాండాడు" అని తిట్టే మనిషి. గది నిశ్శబ్దంగా ఉంది, చక్రం చివరిదాకా తిరిగి ఉంది.

"ఏమబ్బా" అన్నాను. తిరగలేదు. భుజం తట్టాను. తీసి నా వైపు చూశాడు.

"గట్టిగా చెప్పక్కా. మెల్లగా మాట్లాడతాండావు యాల?"

నేను మామూలుగానే మాట్లాడాను. ఆయన భార్య తల వంచుకుని రాట్నం తిప్పుతోంది. అప్పటినుంచి చీరల మీద గీతలు పడసాగాయి. సావుకారు వాటిని పక్కన పడేయసాగాడు. పద్యం మెచ్చిన చెవులకు ఆ గీతలు ఎక్కడినుంచి వస్తున్నాయో తోచనే లేదు. ఆ చలికాలంలోనే ఈయన పోయాడు. గుండె అని చెప్పాను కదా.

భార్య హిందూపురం అన్నగారింటికి వెళ్లిపోయింది. మగ్గం విప్పి తీసుకుపోయారు. గుంత పూడ్చి బండలు పరిచారు. ఇల్లు పక్కింటివాడే బాడుగకు తీసుకుని, కొత్తగా పెళ్లయిన కొడుకునూ కోడలినీ అందులో పెట్టాడు. ఆ పిల్ల చిలమత్తూరు వైపు పల్లెపిల్ల. వచ్చిన కొత్తలోనే మా ఇంటికి వచ్చి "అవ్వా, ఈడ ఎట్ల పండుకుంటారు?" అని అడిగింది. నేనేం చెప్పేది? మీ మామను అడుగు అన్నాను. అడిగినట్టుంది.

ఒక పొద్దున షెడ్డు ముందర నలుగురు మనుషులు గడ్డపారలతో దిగారు. మరలు ఆగాయి. నేను అరుగు మీద కూర్చుని చూస్తున్నాను. బోల్టులు విప్పారు. కింద గొట్టాలు వేసి దొర్లించుకుంటూ ఆ రెండు మరలనూ అవతలి గోడ దగ్గరికి తీసుకుపోయారు. మూటలు తెచ్చి ఈ గోడకు పేర్చారు. మధ్యాహ్నం అన్నాలవేళకు మళ్లీ స్విచ్చి వేశారు. నేను లేచి ఆ ఇంట్లోకి పోయి నిలబడ్డాను. మోత ఉంది, కాకపోతే ఎక్కడో దూరంగా. కోడలు పిల్ల మామూలు గొంతుతో "కూర్చో అవ్వా" అంటే నాకు వినపడింది.

బయట పక్కింటివాడు పనివాళ్లకు టీ పోస్తున్నాడు. నన్ను చూసి నాకూ ఒక గ్లాసు ఇచ్చాడు.

"ఏం జేస్తాం పెద్దమ్మా, కోడలికి తలనొప్పంట. ఆ మోతలో మనిషన్నోడు ఉండగలడా అంటాది."

"ఇన్నేండ్లు ఉండిన్యాడు గదప్పా ఆడ ఒక మనిషి."

"ఆయన చెవుల్లో పెట్టుకుంటా ఉండె గదా" అన్నాడు.

గ్లాసు పొగలు కక్కుతోంది. వాడి కాళ్ల మీద పోయాలనిపించింది. కాళ్ల ముందర పోసి, గ్లాసు అక్కడే బోర్లించి వచ్చేశాను.